పంట శాస్త్రవేత్త జీవితాన్ని వ్యాసంగా రాయడం ఎలా: నికొలాయ్ వావిలోవ్ ఉదాహరణగా ఒక మార్గదర్శి

పంట మొక్కల మీద జీవితమంతా పనిచేసిన శాస్త్రవేత్తను గురించి రాయడానికి కూర్చున్నవారు సాధారణంగా పుట్టిన తేదీతో ఆరంభించి, చదువులూ ఉద్యోగాలూ చెప్పుకుంటూ వచ్చి, పొందిన గౌరవాల పట్టికతో ముగిస్తారు. అటువంటి వ్యాసంలో మనిషి ఆనవాలు కొంతైనా దొరుకుతుంది గాని పంట ఆనవాలు దొరకదు. ఆ శాస్త్రవేత్త పేరు తీసివేసి మరొకరి పేరు పెట్టినా వ్యాసం చెక్కుచెదరకుండా నిలబడుతున్నదంటే అందులో అసలు విషయం లేనట్టే. ఈ రకమైన వ్యాసాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో, ఏది విస్తరించాలో, ఏది క్లుప్తంగా దాటవేయాలో, మరణానంతర కీర్తిని ఎలా తూచాలో రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ ఇవానొవిచ్ వావిలోవ్ జీవితాన్ని ముందు పెట్టుకుని వివరిస్తాను. జీవిత చరిత్రకారుడికి ఎదురయ్యే చిక్కులన్నీ ఆయన విషయంలో ఒక్కచోటే ఎదురవుతాయి కాబట్టి, ఆయనను గురించి సరిగ్గా రాయగలిగినవారు మరే పంట శాస్త్రవేత్తను గురించైనా రాయగలరని నా నమ్మకం.

ప్రశ్నను పట్టుకోండి

కలం పట్టడానికి ముందు, ఆ శాస్త్రవేత్తను జీవితాంతం వెంటాడిన ప్రశ్న ఏమిటో ఒకే వాక్యంలో రాసుకోండి. వావిలోవ్ విషయంలో ఆ ప్రశ్న చాలా మామూలుగా మొదలైంది. ఒకే చేలో, ఒకే వాతావరణంలో, ఒక గోధుమ రకం తుప్పు తెగులుకో బూడిద తెగులుకో లొంగిపోతుంటే పక్కనే ఉన్న మరో రకం ఎందుకు తట్టుకుని నిలబడుతున్నది? మాస్కో వ్యవసాయ విద్యాలయంలో చదువు ముగించాక ఆయన చేపట్టిన పని ఇదే. 1913లో విదేశాలకు వెళ్ళి, ఇంగ్లండులో విలియం బేట్‌సన్ నడుపుతున్న జాన్ ఇన్నెస్ సంస్థలో, జన్యుశాస్త్రం ఇంకా పసితనంలో ఉన్న రోజుల్లో, తృణధాన్యాల రోగనిరోధక శక్తిని గురించే పరిశోధన సాగించారు. 1919లో ఆయన వెలువరించిన తొలి పెద్ద గ్రంథం కూడా మొక్కల రోగనిరోధక శక్తి మీదే.

ఆ ప్రశ్నకు దొరికిన జవాబు ఆయనను ప్రయోగశాల నుంచి ప్రపంచం మీదికి పంపింది. తెగులును తట్టుకునే గుణం ఆ మొక్క వంశంతోనూ, దాని పుట్టిన చోటుతోనూ ముడిపడి ఉన్నదని ఆయన గ్రహించారు. అలాగైతే నిరోధక శక్తి ఉన్న రకాలు కావాలంటే ఆ పంటలో వైవిధ్యం అంతా చూడాలి, వైవిధ్యం చూడాలంటే అది ఎక్కడ ఎక్కువగా పోగుపడి ఉన్నదో తెలియాలి, తెలుసుకోవాలంటే వెళ్ళాలి, వెళ్ళినచోటి నుంచి విత్తనం తేవాలి, తెచ్చిన విత్తనాన్ని బతికించి ఉంచాలి. ఆయన సిద్ధాంతాలు, యాత్రలు, విత్తన నిధి అన్నీ ఈ గొలుసులో ఒకదాని వెంట ఒకటి వచ్చినవే. వ్యాసానికి వెన్నెముక ఈ గొలుసే కావాలి. ఇది చేతిలో లేకుండా రాస్తే యాత్రలు సాహస కథలుగానూ, సిద్ధాంతాలు పాఠ్యపుస్తకపు నిర్వచనాలుగానూ విడివిడిగా పడి ఉంటాయి.

బాల్యం దగ్గర ఒక హెచ్చరిక. ఆకలితో పోరాడిన శాస్త్రవేత్త కాబట్టి బాల్యంలో తానూ ఆకలి అనుభవించి ఉంటాడని ఊహించి రాయడం చాలా సులువు, చాలా తప్పు కూడా. వావిలోవ్ తండ్రి రైతు కుటుంబంలో పుట్టి, మాస్కోకు చేరి, వస్త్ర వ్యాపారంలో బాగా స్థిరపడిన మనిషి. 1891, 1892 సంవత్సరాలలో రష్యాను కరవు పీడించినప్పుడు నికొలాయ్ నాలుగైదేళ్ళ పిల్లవాడన్నది నిజమే గాని, ఆ ఇంట్లో తిండికి లోటు లేదు. ఆయనకు కరవు ముఖాముఖి ఎదురైనది పెద్దయ్యాక, వోల్గా తీరంలో. 1917లో సరాతోవ్ నగరంలో ఆచార్యుడిగా చేరి 1921 వరకు అక్కడే పనిచేశారు. 1921, 1922లలో ఆ ప్రాంతమే ఘోరమైన కరవు పాలైంది. కారణం కావాలంటే అక్కడ వెతకాలి తప్ప బాల్యాన్ని కల్పించకూడదు.

తేదీలు, ఊళ్ళు, పేర్లు

ఈ పని విసుగు పుట్టిస్తుంది గాని దీన్ని ముందే ముగించుకుంటే మేలు. వావిలోవ్ పుట్టిన తేదీ కొన్నిచోట్ల 1887 నవంబరు 13 అనీ, కొన్నిచోట్ల నవంబరు 25 అనీ కనిపిస్తుంది. రెండూ సరైనవే, మొదటిది రష్యాలో 1918 వరకు అమలులో ఉన్న పాత పంచాంగం ప్రకారం, రెండవది ఇప్పుడు మనం వాడుతున్న దాని ప్రకారం. ఏదో ఒకదాన్ని ఎంచుకుని వ్యాసమంతా దానికే కట్టుబడండి. ఆయన పనిచేసిన నగరం సెంట్ పీటర్స్‌బర్గ్‌గా ఉండి, 1914లో పెట్రొగ్రాడ్, 1924లో లెనిన్‌గ్రాడ్ అయి, 1991లో మళ్ళీ పాత పేరుకు వచ్చింది. ఏ సంఘటన చెబుతున్నామో ఆనాటి పేరే వాడితే పాఠకుడు కాలాన్ని పోల్చుకోగలడు. 1894లో ఏర్పడిన అనువర్తిత వృక్షశాస్త్ర విభాగం 1924లో పెద్ద సంస్థగా మారి, 1930లో అఖిల సోవియట్ సస్య పరిశోధన సంస్థ అయింది. వావిలోవ్ దానికి అధిపతిగా ఉన్నకాలంలో దానికి ఆయన పేరు లేదు. ఆ గౌరవం 1967లో వచ్చింది.

మరణం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వార్తలు బయటికి పొక్కని కాలంలో పాశ్చాత్య దేశాలలో రాసినవారు కొందరు ఆయన సైబీరియాలోని శిబిరంలో 1942లో చనిపోయారని రాశారు, ఆ మాట తరవాతి పుస్తకాలలోకీ పాకింది. ఆయన చనిపోయినది 1943 జనవరి 26న, సరాతోవ్ నగరపు చెరసాలలో. అన్నదమ్ములిద్దరినీ కలగాపులగం చేయడం కూడా తరచుగా జరిగే పొరపాటు. తమ్ముడు సెర్గేయ్ వావిలోవ్ భౌతిక శాస్త్రవేత్త, 1945 నుంచి సోవియట్ విజ్ఞాన అకాడమీ అధ్యక్షుడు. మాస్కోలోని వావిలోవ్ వీధి ఆ తమ్ముడి పేరు మీద ఉన్నదే గాని మన వ్యాసనాయకుడి పేరు మీద కాదు.

శాస్త్రాన్ని తెలుగులో విప్పి చెప్పడం

వ్యాసంలో ఎక్కువ చోటు ఈ భాగానికే ఇవ్వాలి. తెలుగులో రాసేవారు ఇక్కడే బెదిరి, పారిభాషిక పదం ఒకటి పడేసి ముందుకు పోతుంటారు. నేను పాటించే పద్ధతి ఒక్కటే: ఒక సిద్ధాంతానికి ఒక పంటను ఎంచుకుని, ఆ పంటనే చివరిదాకా అంటిపెట్టుకుని చెప్పడం.

1920 జూన్‌లో సరాతోవ్‌లో జరిగిన ప్రజననవేత్తల, అంటే కొత్త వంగడాలను తయారుచేసేవారి, మహాసభలో వావిలోవ్ ప్రకటించిన సూత్రాన్ని తీసుకుందాం. దానికి సజాతీయ శ్రేణుల సూత్రమని పేరు. ఆ పేరుతో మొదలుపెడితే పాఠకుడు రెండో వాక్యానికే పుస్తకం మూసేస్తాడు. అందుకు బదులు గోధుమ కంకిని చూపించండి. గోధుమలో కంకికి పొడవైన మీసాలున్న రకాలున్నాయి, మీసాలు లేనివీ ఉన్నాయి. గింజ తెల్లగా ఉన్నవి, ఎర్రగా ఉన్నవి, ముదురు రంగువి ఉన్నాయి. శీతకాలానికి ముందే విత్తదగినవి, వసంతంలో విత్తదగినవి ఉన్నాయి. గోధుమకు దగ్గరి చుట్టమైన రై పంటలో చూసినా ఇవే తేడాలు, ఇదే వరసలో కనిపిస్తాయి. కాబట్టి ఒక జాతిలో ఒక రూపం కనిపించి, దాని చుట్టమైన జాతిలో కనిపించకపోతే అది లేదని కాదు, ఇంకా మన కంటపడలేదని అర్థం. వెతికితే దొరికే అవకాశం ఉన్నది. రసాయన మూలకాల పట్టికలో మెండెలీవ్ ఖాళీలు వదిలినట్టుగా, వావిలోవ్ పంటల పట్టికలో ఖాళీలు వదిలారు. అప్పటికి మీసాలున్న రకాలే తెలిసిన గట్టి గోధుమలో మీసాలు లేనివి ఉండి తీరాలని ఆయన సూత్రం చెప్పింది. అవి 1927లో అబిసీనియాలో, అంటే నేటి ఇథియోపియాలో, దొరికాయి. ఇంత చెప్పాక సూత్రం పేరు చెబితే, అది పాఠకుడికి భారం కాకుండా గుర్తుగా ఉంటుంది.

రెండవది పంటల మూలస్థానాల సిద్ధాంతం. సాగు మొక్కల పుట్టుకను గురించి ఆయనకు ముందే స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రవేత్త అల్ఫోన్స్ ద కందోల్ రాశారు. వావిలోవ్ 1926లో వెలువరించిన తన గ్రంథాన్ని ఆయనకే అంకితమిచ్చారు. ఈ విషయం తప్పకుండా రాయాలి, ఎందుకంటే ‘తొలి’, ‘మార్గదర్శకుడు’ వంటి మాటలు వాడేటప్పుడు ముందువారిని చెరిపివేయడం మన వ్యాసాలలో మామూలైపోయింది. వావిలోవ్ కొత్తగా తెచ్చినది కొలత. ఒక పంటలోని రకాలన్నిటినీ సేకరించి, ఏ ప్రాంతంలో ఏ లక్షణాలు ఎన్ని ఉన్నాయో పటం మీద గుర్తించి, వైవిధ్యం దట్టంగా ఉన్నచోట ఆ పంట పుట్టి ఉంటుందని తేల్చడం ఆయన పద్ధతి. 1935 నాటికి ఆయన పటంలో ఎనిమిది కేంద్రాలున్నాయి: చైనా, భారతదేశం, మధ్య ఆసియా, పశ్చిమాసియా, మధ్యధరా తీరం, అబిసీనియా, దక్షిణ మెక్సికోతో కూడిన మధ్య అమెరికా, ఆండీస్ పర్వతాలున్న దక్షిణ అమెరికా. వ్యాసంలో ఎనిమిదింటికీ సమానంగా చోటివ్వనవసరం లేదు. అవి చాలావరకు కొండ ప్రాంతాలే కావడం, మైదానాల మహానదుల నాగరికతలకన్నా ముందే కొండవాలు రైతులు ఈ పంటలను తయారుచేసి ఉంటారని ఆయన వాదించడం, ఇవి రెండూ చెబితే పటం కళ్ళకు కడుతుంది.

వీటన్నిటిలో పాఠకుడికి చప్పున హత్తుకునేది రై పంట కథ. రై మొదట పంట కాదు, గోధుమ చేలో కలుపు మొక్క. నైరుతి ఆసియా కొండల్లో వావిలోవ్ గమనించినది ఇది: కింది పొలాలలో గోధుమ మధ్య అక్కడక్కడ రై మొలుస్తుంది, కొండ ఎక్కేకొద్దీ చలికి గోధుమ నీరసించి రై వాటా పెరుగుతుంది, ఇంకా పైకి పోతే చేనంతా రైయే. ఉత్తరానికి పోయినా ఇదే వరస. రైతు గోధుమను కోసి, నూర్చి, గింజను దాచి మళ్ళీ విత్తినప్పుడల్లా, గోధుమను పోలిన గింజ ఉండి, కంకి నుంచి రాలిపోకుండా నిలిచిన రై మొక్కలు మాత్రమే ఆ విత్తనంలో కలిసి తరవాతి ఏటికి చేరాయి. ఎవరూ కోరకుండానే కలుపు పంటగా మారింది. ఓట్స్ పుట్టుక కూడా ఇటువంటిదేనని ఆయన చెప్పారు. కలుపు మొక్క పంటను అనుకరిస్తూ మారడాన్ని జీవశాస్త్రంలో నేటికీ వావిలోవ్ అనుకరణ అనే పిలుస్తారు.

పదాల విషయంలో ఒక మాట. మనకు ‘వంగడం’, ‘నాటు రకం’, ‘తెగులు’, ‘కలుపు’, ‘రాలుడు’ వంటి చక్కని మాటలు ఉండగా సంస్కృత సమాసాలను కొత్తగా అల్లడం వల్ల వ్యాసం బరువెక్కుతుందే గాని లోతెక్కదు. రై, ఓట్స్ వంటివాటికి తెలుగు పేరు లేదు కాబట్టి వాటిని అలాగే రాసి, మొదటిసారి వచ్చినచోట ఎటువంటి మొక్కో ఒక ముక్కలో చెప్పడం మేలు. ‘వంగడం’ అన్న మాటను ప్రజననవేత్త తయారుచేసినదానికి, ‘నాటు రకం’ అన్నదాన్ని రైతులు తరతరాలుగా నిలుపుకున్నదానికి వాడి, రెంటినీ కలపకుండా చూడండి. వావిలోవ్ తిరిగి తిరిగి తెచ్చినవి ముఖ్యంగా రెండవ కోవవి.

యాత్రలలో ఏది ఉంచాలి

ఆయన ఐదు ఖండాలు తిరిగారు. అన్నీ చెప్పబోతే వ్యాసం రైలు సమయాల పట్టిక అవుతుంది. రెండో మూడో యాత్రలు ఎంచుకుని, ఒక్కొక్క యాత్ర గొలుసులో ఏ కొక్కేన్ని కలిపిందో చెప్పాలి.

1916 నాటి పర్షియా, పామీర్ యాత్ర అలా ఎంచుకోదగినది. పర్షియాలో ఉన్న రష్యన్ సైనికులు రొట్టె తిని జబ్బు పడుతుంటే కారణం తెలుసుకోవడానికి ఆయనను పంపారు. గోధుమలో కలిసిన విషపు కలుపు గింజలే మూలమని ఆయన గుర్తించారు. ఆ పని ముగిశాక పామీర్ కొండలకు వెళ్ళి, ఆకు మొదట్లో కాండాన్ని అంటిపెట్టుకుని ఉండే సన్నని పొర లేని గోధుమను, రైని చూశారు. మారుమూల కొండల్లో ఎక్కడా లేని రూపాలు దాగి ఉంటాయన్న ఆలోచన బలపడింది అక్కడే. 1924లో దుర్గమమైన అఫ్ఘనిస్తాన్ దారులలో సుమారు 5,000 కిలోమీటర్లు ప్రయాణించినప్పుడు అదే ఆలోచన పద్ధతిగా రూపుకట్టింది. 1929లో అల్మా-అతా పరిసరాల కొండలను చూసి, అక్కడి అడవి ఆపిల్ చెట్లలోని వైవిధ్యాన్ని బట్టి మనం తినే ఆపిల్ పుట్టిల్లు ఇదేనని ఆయన నిర్ధారించారు. ఇటీవలి జన్యు పరిశోధనలు ఆ మాటను సమర్థించాయి.

యాత్ర చెప్పేటప్పుడు ఎక్కిన కనుమల ఎత్తు, ఎదురైన దొంగలు వంటివాటికన్నా సంచిలో ఏముందో చెప్పండి. చేలలోనే కాక సంతలలో కూడా తిరిగి గింజలు సేకరించడం ఆయన అలవాటు, ఎందుకంటే ఒక ప్రాంతపు రైతులు పండించేదంతా సంతకు చేరుతుంది. విత్తనంతోపాటు దాని చోటు కూడా నమోదు కావాలి. అది లేని గింజ మూలస్థానాల పటానికి పనికిరాదు. ఇక చాలామంది రాయకుండా వదిలేసే విషయం మరొకటి ఉన్నది. సంచిలో ఉన్నది విత్తన నిధి కాదు. విత్తనం ప్రాణమున్నది, ఏళ్ళు గడిచేకొద్దీ మొలకెత్తే శక్తి తగ్గుతుంది. శీతల గిడ్డంగులు లేని ఆ రోజుల్లో ప్రతి నమూనానూ కొన్నేళ్ళకొకసారి చేలో విత్తి, ఇతర రకాల పుప్పొడి కలవకుండా కాపాడి, కొత్త గింజను తీసి మళ్ళీ దాచాలి. 1940 నాటికి ఆయన సంస్థలో సుమారు 2,50,000 నమూనాలున్నాయంటే, సేకరణ ఎంత పనో, వాటిని బతికించడం అంతకు మించిన పని. దేశం నలుమూలలా పరిశోధన కేంద్రాలను ఏర్పరచి ఒకే రకాన్ని వేరువేరు చోట్ల విత్తి చూడడం కూడా ఆ పనిలో భాగమే.

ఈ పని ఒక్కడు చేసినది కాదు. బంగాళాదుంప కోసం లాటిన్ అమెరికాకు వెళ్ళినవారు బుకాసోవ్, యూజెప్‌చుక్. ఆండీస్ నుంచి తెచ్చిన ఎన్నో బంగాళాదుంప రకాలు లెనిన్‌గ్రాడ్ వేసవిలోని దీర్ఘమైన పగళ్ళకు దుంప కట్టక, పగటి నిడివిని తగ్గించి పెంచితేనే దుంప వేశాయి. ఇటువంటి వివరం ఒక్కటి చాలు, విత్తనం తెచ్చినంత మాత్రాన పంట రాదని పాఠకుడికి తెలియడానికి. వావిలోవ్ స్వయంగా భారతదేశానికి రాలేకపోయారు. ఇక్కడి సేకరణ కోసం 1926లో బయలుదేరినది ఆయన సహోద్యోగి మార్కోవిచ్. మసూర పప్పుజాతి మీద ప్రామాణికమైన పరిశోధన చేసిన ఎలీనా బరూలినా వావిలోవ్ భార్య. ఆమెను భార్యగా ఒక వాక్యంలో చెప్పి వదిలేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. శాస్త్రం చెప్పే భాగంలోనే ఆమె పేరు రావాలి.

వివాదాన్ని నిజాయితీగా రాయడం

వావిలోవ్‌కు ప్రత్యర్థిగా నిలిచిన సోవియట్ వ్యవసాయవేత్త లీసెంకో ప్రవేశించేసరికి వ్యాసాలు నాటకాలుగా మారిపోతాయి. ఒకవైపు మంచివాడు, ఒకవైపు దుర్మార్గుడు, మధ్యలో ఏమీ ఉండదు. వావిలోవ్‌కు జరిగినది ఘోరమైన అన్యాయమన్నదానిలో నాకు ఏ సందేహమూ లేదు. అయినా ఆ అన్యాయం ఎలా సాధ్యమైందో అర్థం కావాలంటే తగవు దేని మీదో ముందు చెప్పాలి.

1929లో ఏర్పడిన సోవియట్ వ్యవసాయ విజ్ఞాన అకాడమీకి వావిలోవ్ తొలి అధ్యక్షుడు. ఆ సంవత్సరాలలోనే రైతుల భూములను బలవంతంగా సమష్టి క్షేత్రాలుగా మార్చారు. 1932, 1933లలో లక్షలాది మంది ఆకలితో చనిపోయారు. కొత్త వంగడాలను నాలుగైదేళ్ళలో ఇమ్మని ప్రభుత్వం 1931లో ఆదేశించింది. సంకరం చేసి, తరాల తరబడి ఎంపిక చేసి, అనేక చోట్ల విత్తి చూసి వంగడాన్ని విడుదల చేయడానికి అప్పటి పద్ధతిలో పది, పన్నెండేళ్ళు పట్టేది. అటువంటి సమయంలో త్రోఫిమ్ లీసెంకో, విత్తనాన్ని తడిపి చలిలో ఉంచి విత్తడం వంటి పద్ధతులతో దిగుబడి పెంచవచ్చనీ, పరిసరాల ద్వారా మొక్క వంశ లక్షణాలనే మార్చవచ్చనీ చెప్పుకొచ్చాడు. చలికి గురిచేస్తే పూత త్వరగా వస్తుందన్నది నిజమైన విషయమే. వంశ లక్షణాలు దాని వల్ల మారతాయన్నదే అబద్ధం. ఈ రెంటినీ విడదీసి చెప్పని వ్యాసం పాఠకుడికి ఏమీ నేర్పదు. అలాగే, 1930ల ఆరంభంలో లీసెంకో పనిని వావిలోవ్ స్వయంగా ప్రోత్సహించారన్నది కూడా దాచకూడదు. కొత్త పద్ధతి ఏది కనిపించినా తన విత్తన నిధికి ఉపయోగపడుతుందేమోనని చూసే స్వభావం ఆయనది. ఆ ప్రోత్సాహం ఆయన గొప్పతనాన్ని తగ్గించదు. దాచిపెడితే మాత్రం మన వ్యాసం విలువ తగ్గుతుంది.

ఆ తరవాతి సంఘటనలను ఆవేశపు విశేషణాలు లేకుండా, తేదీల వెంట తేదీలుగా చెప్పడం మంచిదని నా అనుభవం. 1935లో అకాడమీ అధ్యక్ష పదవి పోయింది. 1937లో మాస్కోలో జరగవలసిన అంతర్జాతీయ జన్యుశాస్త్ర మహాసభ జరగలేదు. 1938లో అకాడమీ అధ్యక్షుడిగా లీసెంకో వచ్చాడు. 1939లో ఎడిన్‌బరోలో జరిగిన మహాసభకు వావిలోవ్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు, సోవియట్ ప్రభుత్వం వెళ్ళనివ్వలేదు. 1940 ఆగస్టు 6న, పశ్చిమ ఉక్రెయిన్ కొండల్లో విత్తనాలు సేకరిస్తుండగా ఆయనను నిర్బంధించారు. 1941 జూలై 9న మరణశిక్ష విధించారు. 1942లో దాన్ని 20 ఏళ్ళ ఖైదుగా మార్చారు. అదే సంవత్సరం లండన్‌లోని రాయల్ సొసైటీ ఆయనను విదేశీ సభ్యుడిగా ఎన్నుకుంది. ఆయన బతికి ఉన్నారో లేదో కూడా బయటి ప్రపంచానికి తెలియదు. ప్రపంచానికి ఆహారం పండించే మొక్కలను వెతికిన మనిషి, తన తొలి గొప్ప సూత్రాన్ని ప్రకటించిన సరాతోవ్‌లోనే, ఆకలి వల్ల క్షీణించి చనిపోయారు. భార్య బరూలినా ఆ రోజుల్లో అదే నగరంలో ఉన్నది; భర్త అక్కడి చెరసాలలో ఉన్నట్టు ఆమెకు తెలియదు. ఇక్కడ రచయిత కన్నీళ్ళు కలపనవసరం లేదు. 1955 ఆగస్టులో న్యాయస్థానం ఆయన మీది తీర్పును రద్దుచేసింది.

లెనిన్‌గ్రాడ్ ముట్టడి

1941 సెప్టెంబరు 8న జర్మన్ సేనలు లెనిన్‌గ్రాడ్‌ను చుట్టుముట్టాయి. ముట్టడి 1944 జనవరి 27 దాకా, 872 రోజులు సాగింది. సెంట్ ఐజాక్ కూడలిలోని వావిలోవ్ సంస్థ భవనంలో టన్నుల కొద్దీ వరి, గోధుమ, వేరుశనగ, బఠాణీ గింజలు ఉన్నాయి. వాటి మధ్య పనిచేస్తున్న సిబ్బంది ఆ గింజలు తినకుండా ఆకలితో చనిపోయారు. వేరుశనగ నమూనాలను చూసే అలెగ్జాండర్ షూకిన్, వరి నమూనాల సంరక్షకుడు ద్మిత్రి ఇవానోవ్, ఓట్స్ చూసే లీలియా రోదినా వారిలో ఉన్నారు. అబ్రహాం కామెరాజ్, ఓల్గా వొస్క్రెసెన్‌స్కయా నగరం దగ్గరే ఉన్న ఆ సంస్థ పావ్లోవ్‌స్క్ క్షేత్రంలోని బంగాళాదుంపలను ఫిరంగి కాల్పుల మధ్య తవ్వి నగరంలోకి చేర్చారు.

ఈ ఘట్టాన్ని రాసేటప్పుడు చనిపోయేవారి నోట మాటలు పెట్టకండి. పేరు, వారు కాచిన పంట, ఈ రెండూ పక్కపక్కన పెడితే చాలు. చీడ, తేమ, ఎలుకలు, గడ్డకట్టే చలి వీటి నుంచి గింజను కాపాడడం వారి రోజువారీ పని అన్నది కూడా చెప్పాలి. అప్పుడే అది త్యాగంగానే కాక వృత్తిధర్మంగా కూడా అర్థమవుతుంది. వారు అలా కాపలా కాస్తున్న రోజుల్లో ఆ నిధిని కూర్చిన మనిషి సరాతోవ్ చెరసాలలో ఉన్నాడన్న సంగతిని ఒకే వాక్యంలో, వ్యాఖ్య లేకుండా చెప్పండి.

కీర్తిని తూచే పద్ధతి

పేరుప్రతిష్ఠల భాగానికి వచ్చేసరికి విగ్రహాలు, తపాలా బిళ్ళలు, వీధుల పేర్లు ఏకరువు పెట్టడం కద్దు. వాటిని ఒక వాక్యంలో ముగించవచ్చు. ప్రతి కీర్తినీ ‘ఇది నేడు ఏ పని చేస్తున్నది?’ అని అడగండి. జవాబు ఉన్నవాటిని విస్తరించండి.

ఉదాహరణకు, క్రస్నదార్‌లో పావెల్ లుక్యానెంకో తయారుచేసి 1959లో సాగుకు విడుదలైన బెజొస్తాయా-1 అనే గోధుమ వంగడం తూర్పు ఐరోపాలో ఎంతో విస్తారంగా పండింది. దాని వంశవృక్షంలో అర్జెంటీనాకు చెందిన క్లైన్-33 అనే గోధుమ ఉన్నది. అది వావిలోవ్ సంస్థ సేకరణ నుంచి వచ్చినదే. ఆయన చనిపోయిన పదహారేళ్ళకు ఆ నిధిలోని విత్తనం రైతు చేను చేరింది. సజాతీయ శ్రేణుల సూత్రానికి ఇటువంటి రుజువే ఇంకొకటి చూపవచ్చు. 1990లలో, ఆయన యువకుడిగా పనిచేసిన జాన్ ఇన్నెస్ సంస్థలోని శాస్త్రవేత్తలే, వరి, గోధుమ, మొక్కజొన్న వంటి గడ్డిజాతి పంటలలో జన్యువుల వరస చాలావరకు ఒకే క్రమంలో ఉన్నదని చూపారు. కంకి మీసాలను, గింజ రంగును కంటితో చూసి ఆయన ఊహించినదానికి కణంలో ఆధారం దొరికిందన్నమాట.

సవరణలను కూడా ఇక్కడే చెప్పాలి. దిద్దబడని సిద్ధాంతం ఎవరూ వాడని సిద్ధాంతం. వైవిధ్యం ఎక్కువగా ఉన్నచోటే పంట పుట్టిందన్న లెక్క అన్నిచోట్లా నిలవలేదు. ఇథియోపియాలో బార్లీ రకాలు అబ్బురపరిచేంతగా ఉన్నా, బార్లీని తొలుత సాగులోకి తెచ్చినది పశ్చిమాసియాలో. కొన్ని పంటలు ఒక కేంద్రంలో కాక విశాలమైన ప్రాంతమంతటా మెల్లగా సాగులోకి వచ్చాయని అమెరికా శాస్త్రవేత్త జాక్ హార్లన్ 1971లో వాదించారు. ఆయన తండ్రి హ్యారీ హార్లన్ బార్లీ నిపుణుడు, వావిలోవ్ స్నేహితుడు; కుర్రవాడిగా తమ ఇంట వావిలోవ్‌ను చూసినవాడే పెద్దయ్యాక ఆయన పటాన్ని దిద్దాడు. విమర్శను గౌరవలోపంగా రాసే అలవాటున్న మనకు ఈ ఉదాహరణ ఎంతో అవసరం.

2010లో పావ్లోవ్‌స్క్ క్షేత్రపు భూములను ఇళ్ళ నిర్మాణానికి ఇవ్వబోతే ప్రపంచవ్యాప్తంగా శాస్త్రవేత్తలు అడ్డుపడ్డారు. ఆ క్షేత్రంలో ఉన్నవి ఎక్కువగా పండ్ల మొక్కలు, పొదలు; గింజలా డబ్బాలో పెట్టి దాచడానికి వీలులేనివి, నేలలో వేళ్ళూని ఉండవలసినవి. నార్వేలోని స్వాల్బార్డ్ దీవులలో 2008లో తెరిచిన విత్తన భాండాగారాన్ని వావిలోవ్ వారసత్వంగా చెప్పేటప్పుడు ఈ తేడా కూడా చెప్పండి.

చివరి పరీక్ష

చిత్తుప్రతి పూర్తయ్యాక నేను చేసే లెక్క ఒకటి ఉన్నది. వ్యాసంలో వచ్చిన పంటల పేర్లన్నిటి కింద గీత గీస్తాను, పదవులూ బహుమతులూ సత్కారాల పేర్లన్నిటి చుట్టూ సున్నా చుడతాను. సున్నాలు ఎక్కువగా ఉంటే శాస్త్రం చెప్పిన భాగాన్ని మళ్ళీ రాస్తాను. తరవాత ఒక్కొక్క గీత దగ్గర ఆగి, ఆ పంట అక్కడ ఏం చేస్తున్నదో చూస్తాను: రై కలుపు నుంచి పంట అవుతున్నదా, బంగాళాదుంప పగటి నిడివికి తిరగబడుతున్నదా, బార్లీ సిద్ధాంతాన్ని సరిదిద్దుతున్నదా? పేరు మాత్రమే ఉండి పని లేని పంటను తీసివేస్తాను. వావిలోవ్‌కు 1926లో లెనిన్ బహుమతి వచ్చిందన్న సంగతి నా చిత్తుప్రతిలో మూడుసార్లు ఎడంగా కనిపించింది. ఒకదాన్ని కూడా ఉంచలేదు, ఆ చోటును రై కథకు ఇచ్చాను.